వేదిక కింద ఏముంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1986లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. సివిల్ ఇంజనీరుగా ముప్ఫయ్యేళ్ళకు పైగా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం పాత కట్టడాల మరమ్మతుల్లోనే గడిచింది. నెల క్రితం సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి అరగంట మాట్లాడాలి, పిల్లలకు కూడా అర్థం కావాలి" అన్నారు. అదే ఫోన్లో ఇంకో సంగతి కూడా చెప్పారు. స్వర్ణోత్సవ నిధితో మన ప్రార్థన హాలును కొత్తగా తీర్చిదిద్దాలని కార్యవర్గం అనుకుంటోందట. ప్లాను పంపారు, చూశాను. అందుకే ఇవాళ్టి మాటలకు ఈ విషయం ఎంచుకున్నాను. పాత నాటకశాలలను, సంగీతశాలలను ప్రపంచంలో ఎలా బాగుచేశారు, అందులో ఏది మేలు చేసింది, ఏది చెరుపు చేసింది? ముందు ఆ కథలు చెప్పి, చివర మన హాలు దగ్గరికి వస్తాను.

మొదటి కథ న్యూయార్క్‌ది. అక్కడి కార్నెగీ హాలు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు 1977లో అక్కడ కచేరీ చేశారు. ఆ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కట్టిన ఆ హాలు 1891 మేలో మొదలైంది. ప్రారంభోత్సవానికి రష్యా నుంచి చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చి తన సంగీతం నడిపించాడు. కట్టించింది ఉక్కు మహారాజు, కట్టడంలో మాత్రం ఉక్కు తక్కువ. బరువంతా మోసేది దిట్టమైన ఇటుక గోడలే. హాలును రూపొందించిన విలియం టుట్‌హిల్ చెల్లో వాయించగలిగిన మనిషి. పెద్ద హాలులో 2,804 సీట్లు. మైకులు రాకముందు కట్టిన హాలు కాబట్టి, స్టేజి మీద ఉన్న గొంతు పై బాల్కనీ చివరి వరసకు దానంతట అదే చేరాలి. చేరింది కూడా. అందుకే దానికి అంత పేరు.

అంత పేరున్న హాలును కూడా 1960లో కూల్చబోయారు. దాని స్థానంలో ఆకాశహర్మ్యం కట్టాలని ప్లాను. అందులో వాయించే ప్రధాన వాద్యబృందం న్యూయార్క్ ఫిల్‌హార్మనిక్‌కు లింకన్ సెంటర్ అనే చోట కొత్త హాలు తయారవుతోంది, ఇక పాతది ఎందుకన్నారు. వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ ముందుండి ఉద్యమం నడిపాడు. చివరికి నగరమే 50 లక్షల డాలర్లకు ఆ హాలును కొని నిలబెట్టింది. అటు ఆ కొత్త హాలు 1962లో తెరిచారు. మొదటి సీజన్ నుంచే శబ్దం బాగాలేదని విమర్శలు. ధ్వని నిపుణుడు లియో బెరనెక్ సుమారు 2,400 సీట్లకు లెక్క వేస్తే, ఎక్కువమంది పట్టాలని సీట్లు పెంచి, ఆకారం మార్చి కట్టారు. 1976లో లోపలి భాగమంతా తీసేసి మళ్ళీ కట్టారు. అదీ చాలలేదు. 2022లో 55 కోట్ల డాలర్లు పెట్టి మూడోసారి కట్టారు. ఆ మూడోసారి 2,700 పైచిలుకు ఉన్న సీట్లను 2,200కు తగ్గించుకున్నారు. ఇక చాలు అని కూల్చబోయిన పాత హాలు మాత్రం ఇప్పటికీ పాడుతూనే ఉంది.

అయితే ఆ పాత హాలుకూ ఒక గండం వచ్చింది. 1986లో దాన్ని ఏడు నెలలు మూసి పెద్ద ఎత్తున మరమ్మతు చేశారు. గోడలు, కుర్చీలు, వైర్లు, వాకిలి అన్నీ బాగుపడ్డాయి. స్టేజి పైకప్పులో 1940ల్లో ఒక సినిమా తీయడానికి చేశారని చెప్పుకునే పెద్ద కంత ఒకటి ఉండేది, దాన్నీ పూడ్చారు. డిసెంబరులో మళ్ళీ తెరిచారు. చూడ్డానికి హాలు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కానీ కొందరు సంగీతకారులు, విమర్శకులు చెవి రిక్కించారు. ఎక్కడో తేడా కొడుతోంది. మంద్రం పలచబడింది, తారం గరుగ్గా వినబడుతోంది అన్నారు. స్టేజి కింద కాంక్రీటు పోశారేమోనన్న అనుమానం పుట్టింది. అలాంటిదేమీ లేదని హాలు వాళ్ళు అన్నారు. ఈ వాదన ఏళ్ళ తరబడి సాగింది. 1995లో స్టేజి చెక్కలు పాడై, మార్చడానికి పైకెత్తారు. కింద నిజంగానే కాంక్రీటు కనబడింది! దాన్ని తవ్వి తీసేసి, చెక్క కింద మళ్ళీ గాలి ఖాళీ ఉండేలా స్టేజి వేశారు. మంద్రం మళ్ళీ నిండుగా వినిపిస్తోందని సంగీతకారులు సంతోషించారు.

ఇక్కడ పిల్లలు ఒక ప్రశ్న అడగాలి. స్టేజి కింద ఏముంటే ఏం? పైన చెక్క చెక్కే కదా?

దానికి జవాబు మన ఫిజిక్స్ ల్యాబులోనే ఉంది. శృతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి గాలిలో పట్టుకుంటే చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినబడదు. దాని కాడను చెక్క బల్ల మీద ఆనిస్తే గది చివరిదాకా వినబడుతుంది. బల్ల పలక కూడా దండంతోపాటు కంపించి, ఎక్కువ గాలిని కదిలిస్తుంది కాబట్టి అలా అవుతుంది. అదే కాడను సిమెంటు గచ్చు మీద ఆనించి చూడండి, దాదాపు ఏమీ వినబడదు. గచ్చు బరువు, గట్టిదనం ముందు ఆ చిన్న దండం కంపనం ఎంత? చెల్లోకు, డబుల్ బాస్‌కు అడుగున ఒక మేకులాంటి కాడ ఉంటుంది. అది స్టేజి మీద ఆనుతుంది. కింద ఖాళీ ఉన్న చెక్క స్టేజి వాటికి ల్యాబు బల్లలాంటిది. చెక్క కింద కాంక్రీటు పోస్తే బల్లను గచ్చుగా మార్చినట్టు.

ఈ విషయం తెలిసి జాగ్రత్త పడ్డవాళ్ళు కూడా ఉన్నారు. బోస్టన్ నగరంలో సింఫనీ హాలు 1900లో కట్టారు. దాని స్టేజి చెక్కలను మొట్టమొదటిసారి మార్చింది 2006లో, అంటే నూటఆరేళ్ళ తర్వాత. అప్పుడు ఏం చేశారో చూడండి. పాతదే మేపుల్ కలప, అదే మందం. కింద పరిచిన ఉన్ని పొర కూడా పాత పద్ధతిదే. మేకులు కూడా పాతకాలం రకానివే తెప్పించి, చేత్తో కొట్టారు. ఇప్పటి మిషన్లతో కొడితే పని తొందరగా అయ్యేది. కానీ ఆ శబ్దానికి కారణం కలపా, ఉన్నా, మేకా, వాటి మధ్య బిగువా అన్నది విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి దేన్నీ మార్చకుండా వదిలేశారు. మరమ్మతు చేసేవాడికి ఉండాల్సిన వినయం అదేనని నా ఉద్దేశం.

ఆ బోస్టన్ హాలు వెనక ఒక మాస్టారి కథ ఉంది. గురువులున్న సభ కాబట్టి అది చెప్పకుండా ఉండలేను. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస గదిలో మాస్టార్ల మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాట అన్నాక దాని నాదం అయిదున్నర సెకన్లు ఆ గదిలోనే తిరిగేది. ఈలోగా ఇంకో పది మాటలు వచ్చి దాని మీద పడేవి. దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఊరి సందడి తగ్గాక, రాత్రిళ్ళు ఒక ఆర్గాన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, పక్కనున్న నాటకశాల నుంచి తెచ్చిన కుర్చీ దిండ్లతో ఆయన ప్రయోగాలు చేశాడు. ఒక్కో వరస దిండ్లు పెట్టడం, శబ్దం ఎన్ని సెకన్లలో ఆగిందో కొలవడం, తెల్లారేలోగా దిండ్లు తిరిగి అక్కడ పెట్టేయడం. అలా పుట్టిన సూత్రాన్నే నేటికీ మేం వాడుతున్నాం. గది ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, ఆ గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగిస్తే, ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. పీల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న కొలమానం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా! ఈ సూత్రం కాస్త గుర్తుంచుకోండి, దీనితో మనకు ఇంకా పని ఉంది.

ఇక మాస్కో. అక్కడి బొల్షోయ్ థియేటర్ 1825 నాటిది. 1853లో కాలిపోతే, ఆల్బెర్టో కావోస్ అనే వాస్తుశిల్పి 1856కల్లా మళ్ళీ కట్టాడు. హాలు మొత్తాన్ని ఒక పెద్ద వయొలిన్‌లా భావించి లోపలంతా కలప పలకలు వాడాడు. బాల్కనీల అలంకారాలకు సున్నం బదులు కాగితం గుజ్జు వాడాడు. దానికి బరువు తక్కువ, నాదానికి అడ్డం రాదు. తర్వాత సోవియట్ కాలపు మరమ్మతుల్లో కింద కాంక్రీటు పోశారు. పాడైన కాగితం గుజ్జు బొమ్మల చోట సున్నపు బొమ్మలు పెట్టారు. చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే, గట్టిగా ఉండాలనే. కానీ వయొలిన్ లోపల సిమెంటు నింపితే అది ఇంకా గట్టిగా ఉంటుంది, పలకదు.

2005లో మూసి, 2008కి పూర్తి చేద్దామనుకున్నారు. పునాది తవ్వి చూస్తే కథ మారింది. ఆ భవనం కిందుగా ఒక నది సొరంగంలోంచి పారుతుంది. పునాదిలోని పాత కలప స్తంభాలు కుళ్ళిపోయాయి, గోడలకు పగుళ్ళు. భవనం బరువంతా తాత్కాలికంగా ఉక్కు స్తంభాల మీదికి ఎత్తి నిలబెట్టి, కింద కొత్త పునాది కట్టారు. కాంక్రీటు తీసేశారు. కాగితం గుజ్జు అలంకారాలు, స్ప్రూస్ కలప పలకలు మళ్ళీ వచ్చాయి. సీట్లు 2,100 పైచిలుకు నుంచి సుమారు 1,740కి తగ్గాయి. 2011 అక్టోబరులో తెరిచారు. ఖర్చు అధికారికంగానే 2,100 కోట్ల రూబుళ్ళు. అనుకున్నదానికి మూడేళ్ళు ఎక్కువ పట్టింది. నా అనుభవంలో పాత కట్టడం ఏదైనా ఇంతే. విప్పిచూడనిదే అంచనా వేసినవాడి అంచనా నిలబడదు. అంచనాలో ఒక వంతు "తెలియని వాటి" కోసం పక్కన పెట్టుకోవాలి.

మూడో కథ వెనిస్‌ది. అక్కడి లా ఫెనీచే నాటకశాల 1792లో మొదలైంది. ఫెనీచే అంటే ఫీనిక్స్ పక్షి. ఆ పేరుకు తగ్గట్టే 1836లో కాలి మళ్ళీ లేచింది. వెర్డీ రాసిన రిగోలెట్టో, లా ట్రావియాటా మొదటిసారి ఆడింది అక్కడే. 1996 జనవరి 29 రాత్రి అది మళ్ళీ కాలిపోయింది. అప్పుడు జరుగుతున్నదేమిటో తెలుసా? మరమ్మతు! పని ఆలస్యమవుతోంది, జరిమానా కట్టాల్సి వస్తుందని ఇద్దరు ఎలక్ట్రీషియన్లు నిప్పు పెట్టారని కోర్టు తేల్చింది. పక్కనున్న కాలువను శుభ్రం చేయడానికి నీళ్ళు తోడేసి ఉండడంతో అగ్నిమాపక పడవలు దగ్గరికి రాలేకపోయాయి. తెల్లారేసరికి మొండి గోడలు మిగిలాయి.

ఎలా ఉందో అలాగే, ఎక్కడ ఉందో అక్కడే కడతాం అని ఊరివాళ్ళు తీర్మానించుకున్నారు. కానీ ఎలా ఉందో ఎవరు చెప్పాలి? బొమ్మలకు, రంగులకు పాత ఫొటోలు, డ్రాయింగులు ఉన్నాయి. 1954లో విస్కోంటి తీసిన సెన్సో సినిమా మొదటి సన్నివేశం ఆ నాటకశాలలోనే చిత్రీకరించారు, దాన్ని కూడా పట్టి పట్టి చూశారు. మరి శబ్దం? అదృష్టమేమంటే, మంటలకు సుమారు రెండు నెలల ముందే ఇటలీ ధ్వని శాస్త్రవేత్తలు ఆ హాలులో వేర్వేరు సీట్ల దగ్గర శబ్దం ఎలా వినబడుతోందో కొలిచి భద్రపరిచారు. హాలు బూడిదైనా దాని చెవి గుర్తు మిగిలింది. కొత్తగా కట్టేవాళ్ళకు ఆ కొలతలు ఆధారమయ్యాయి. 2003 డిసెంబరులో లా ఫెనీచే మళ్ళీ తెరుచుకుంది.

మన దేశంలోనూ మంచి ఉదాహరణ ఉంది. ముంబయిలో రాయల్ ఒపేరా హౌస్ 1911లో అయిదో జార్జి చేతుల మీదుగా మొదలైంది. బాలగంధర్వ, పృథ్వీరాజ్ కపూర్ లాంటివాళ్ళు ఆడిన వేదిక. తర్వాత సినిమా హాలయింది, 1993లో మూతపడింది. వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి పనిచేసి 2016లో తెరిచారు. సినిమా కోసం తీసేసిన పక్క బాల్కనీ గదులను పాత ఫొటోలు చూసి మళ్ళీ కట్టారు. సీట్లు 575 మాత్రమే. 2017లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

సీట్ల గురించి ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెప్తాను. బాగుపడ్డ చోట్లలో కొన్నింట సీట్లు తగ్గించుకోవడానికి సిద్ధపడ్డారు. సీట్లు పెంచుకున్నచోట ఏమవుతుందో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు చూపించింది. 1997 జూన్ 13న అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి, పొగ బాల్కనీలోకి చేరింది. అదనపు సీట్లు వేయడం కోసం ఒక పక్క నడవా మూసేసి ఉంది. బయటపడే దారి దొరక్క 59 మంది చనిపోయారు. మూసిన నడవా మామూలు రోజుల్లో ఎవరికీ అడ్డం రాదు. ఎంత ఖరీదైనదో తెలిసేది ఆ ఒక్క రోజే.

ఇక మన వైపు సంగతి. మనవి నాటకాలు పుట్టిన జిల్లాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి సమాజం నుంచి మొన్నమొన్నటి పద్యనాటకాల దాకా, మైకు లేకుండా వెయ్యిమందికి పద్యం వినిపించిన నటులు మనకున్నారు. వాళ్ళ కాళ్ళ కింద ఉన్నది చెక్క బల్లల స్టేజి. ఆ గొంతుల గొప్పతనం గురించి చాలా చెప్పుకున్నాం, ఆ బల్లల గురించి ఎవరూ చెప్పుకోలేదు.

కొన్నేళ్ళ క్రితం డెల్టాలోని ఒక పట్టణానికి నన్ను పిలిచారు. ఊరి పేరు వద్దులెండి. పాతకాలపు నాటకాల హాలు. దానికి అంతకు పదేళ్ళ ముందు పెద్ద మరమ్మతు చేశారు. చెక్క స్టేజి ఎత్తేసి, మట్టి నింపి, పైన గ్రానైట్ పరిచారు. పెంకుల కప్పు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ వేశారు. ఒక వానాకాలం రాత్రి ఆ సీలింగ్ సగం ఊడి కుర్చీల మీద పడింది. రాత్రి కాబట్టి ఎవరూ లేరు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే, రెండు దూలాలు చెదలు తినేసి వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి. పెంకులు జారి నీళ్ళు కారుతున్నాయి. పాత వైర్లు ఆ తడిలోనే వేలాడుతున్నాయి. సీలింగ్ లేని రోజుల్లో అయితే ఒక్క చుక్క కారినా మర్నాడే వాచ్‌మన్ చూసేవాడు. పదేళ్ళు ఎవరికీ కనబడకుండా దాచింది ఆ అందమైన సీలింగే. ఆ ఊరి పెద్దాయన, పాత హార్మోనిస్టు, నాతో అన్నారు: "ఇదివరకు పద్యం ఎత్తుకుంటే స్టేజి కూడా అందుకునేదండీ. ఇప్పుడు నాలుగు మైకులు పెట్టినా అందుకోవట్లేదు."

ఇప్పుడు మన హాలు. నిన్న సాయంత్రం హెడ్మాస్టరుగారి అనుమతితో టేపు పట్టుకుని కొలిచాను. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు సాయపడ్డారు. పొడవు 20 మీటర్లు, వెడల్పు 10, సగటు ఎత్తు 6. అంటే 1,200 ఘనపు మీటర్లు. 0.16తో గుణిస్తే 192. గోడలు, గచ్చు, పెంకులు, చెక్క కలిపి శబ్దాన్ని పీల్చే వైశాల్యం సుమారు 35 చదరపు మీటర్లని అంచనా వేశాను. ఖాళీ హాలు, కిటికీలు మూసి ఉంటే ప్రతినాదం అయిదున్నర సెకన్లు. సబైన్ గది ఎలా ఉండేదో అలాగే! పన్నెండు కిటికీలూ తెరిస్తే ఇంకో 15 చదరపు మీటర్లు కలుస్తాయి. నాదం నాలుగు సెకన్ల లోపుకు దిగుతుంది. ఇప్పుడు మూడు వందల మంది పిల్లలు వచ్చి కూర్చున్నారనుకోండి. ఒక్కొక్కరు 0.4 చదరపు మీటర్ల చొప్పున 120. మొత్తం 170. నాదం 1.1 సెకన్లు. మాటకు, బడి పిల్లల పాటకు దాదాపు సరిగ్గా కావలసినంత. మన హాలును బాగా పలికించేది దాని కిటికీలు, అందులో కూర్చునే పిల్లలు. మైకు లేకుండా మన తెలుగు మాస్టారు భాగవతం చెబితే చివరి వరసకు వినబడడంలో ఆయన గొంతు గొప్పతనం ఉంది, ఈ లెక్క కూడా ఉంది.

కార్యవర్గం ప్లానులో ఉన్నవి నాలుగు పనులు. చెక్క స్టేజి తీసి గ్రానైట్ స్టేజి, పెంకుల కింద ఫాల్స్ సీలింగ్, కిటికీలకు బిగించిన అద్దాలు పెట్టి ఏసీ, రెండు పక్క తలుపులు మూసి అక్కడ అదనంగా కుర్చీలు. ఈ ప్లాను వేసినవాళ్ళు నాకు ఆత్మీయులు. డబ్బిచ్చిన అన్నయ్యల్లో చాలామంది విదేశాల్లో ఉండి కూడా బడిని మరిచిపోనివాళ్ళు. పిల్లలు ఎండల్లో ఉక్కపోతకు గురికాకూడదనే మంచి మనసు దాని వెనక ఉంది. నిజాయితీగా ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. లెక్క ప్రకారం సీలింగ్ వేసినా, ఏసీ పెట్టినా నిండు సభలో మాట వినబడుతుంది. నా అభ్యంతరం వేరే. సీలింగ్ వేస్తే పైనున్న దూలాలు, వైర్లు మన కళ్ళకు కనబడవు. అద్దాలు బిగిస్తే కరెంటు పోయిన రోజు మూడు వందల మంది పిల్లలకు గాలి ఉండదు. గ్రానైట్ వేస్తే స్టేజి మళ్ళీ పలకదు. తలుపులు మూయడం గురించి ఉపహార్ కథ చెప్పాక నేను వేరే చెప్పక్కర్లేదు. మొదటి మూడింటి గురించి మనం కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆ తలుపులు మూయడానికి మాత్రం ఒక ఇంజనీరుగా నేను ఒప్పుకోలేను. కార్యవర్గానికి ఈ మాట కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

దాని బదులు ఏం చేయాలో చెప్పకుండా కూర్చుంటే అది పెద్దరికం అనిపించుకోదు. కాబట్టి నా సూచనలు ఇవి.

మొదటిది, మూడు నెలలు ఏదీ ముట్టుకోవద్దు. హాలును పూర్తిగా కొలిచి డ్రాయింగులు గీద్దాం, ప్రతి దూలం ఫొటో తీద్దాం. స్టేజి పలకలు రెండు ఎత్తి కింద ఏముందో చూద్దాం. బెలూన్లు పగలగొట్టి, సెల్‌ఫోన్లో రికార్డు చేసి, హాలు శబ్దాన్ని పదిచోట్ల భద్రపరుద్దాం. ఈ పని తొమ్మిది, పది తరగతుల పిల్లలే చేయగలరు, ఫిజిక్స్ టీచరుగారు దగ్గరుండి చేయించాలి. వాళ్ళకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. వచ్చే యాభై ఏళ్ళలో ఈ హాలుకు ఏమైనా అయితే, వెనిస్ వాళ్ళకు దొరికినట్టు మనవాళ్ళకూ ఒక ఆధారం ఉంటుంది.

రెండోది, మొదటి రూపాయి కప్పు మీద పెట్టాలి. పెంకులు దింపి, పాడైన వాసాలు మార్చి, చెదల మందు కొట్టించి, మళ్ళీ పెంకులే వేద్దాం. వేడి తగ్గడానికి పెంకుల కింద పలచని ఇన్సులేషన్ పలకలు, పై కొసన వేడి గాలి పోయే సందులు, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు చాలు. కింద నుంచి చూస్తే ప్రతి దూలం కనబడుతూ ఉండాలి.

మూడోది వైరింగ్. ఇప్పుడున్నది పూర్తిగా తీసేసి కొత్తది వేయాలి. మరమ్మతు జరిగే రోజుల్లో వెల్డింగు, వైరింగు చేసేచోట ఒక మనిషి, నీళ్ళ బకెట్లు, మంటలార్పే సిలిండరు తప్పనిసరి. పాత కట్టడానికి అత్యంత ప్రమాదం మరమ్మతు జరిగే కాలమే.

నాలుగోది, తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా మార్చి, వాటి ముందు కుర్చీలు, బీరువాలు లేకుండా చూడాలి. ఎన్ని కుర్చీలో అన్నే ఉండనివ్వండి. జనం ఎక్కువైతే కార్యక్రమం రెండుసార్లు పెట్టుకుందాం.

అయిదోది స్టేజి. పాడైన పలకలు మాత్రమే మారుద్దాం, అదే టేకు, అదే మందం. కింద ఖాళీ ఖాళీగానే ఉండాలి. ఆ ఖాళీలోకి పాత బెంచీలు, విరిగిన కుర్చీలు నెట్టే అలవాటు మన బడికి ఉందని మనందరికీ తెలుసు, అది మానుకోవాలి.

నా అంచనా ప్రకారం ఇదంతా ఇప్పుడు సేకరించిన నిధిలోనే సరిపోవాలి. ఖచ్చితమైన అంకె స్టేజి పలక ఎత్తాక, పెంకు దింపాక చెప్తాను. డ్రాయింగులకు, పర్యవేక్షణకు నేను పైసా తీసుకోను. వారానికి ఒకసారి వచ్చి నిలబడతాను. మా బ్యాచ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉన్నాడు, కలప వ్యాపారం చేసే చెల్లెలు ఉంది. వాళ్ళిద్దరూ కూడా వస్తామన్నారు.

నిర్ణయం కార్యవర్గానిది. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో దీనిమీద ఓటు ఉందని విన్నాను. ఆలోగా ఎవరికి వీలైతే వాళ్ళు ఒక్క పని చేయండి. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక హాలులోకి వెళ్ళి, కిటికీలు తెరిచి, స్టేజి మీద నిలబడి మీకు వచ్చిన పద్యం ఒకటి చదవండి. తర్వాత చివరి బల్ల మీద కూర్చుని ఇంకొకరి చేత చదివించుకుని వినండి. విన్నాక మీకు ఏది న్యాయమనిపిస్తే దానికి ఓటేయండి.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, టేపు ఇంకా నా జేబులోనే ఉంది.